సుగుణమ్మ గారి తాళం ఇళ్ళు

నిన్న సాయంత్రం మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ల సందులోకి దోమల పొగ బండి వచ్చింది. డబడబమని చప్పుడు, దాని వెనకాలే తెల్లటి పొగ, ముక్కు మండిపోయే కిరసనాయిలు వాసన. చుట్టుపక్కల ఫ్లాట్ల వాళ్ళంతా ధడాధడా కిటికీలు మూసేసుకున్నారు. మా ఆయన కూడా లోపలి నుంచి "మూసెయ్, మూసెయ్" అని ఒకటే కేకలు. నేను మాత్రం ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని బాల్కనీలో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. ఆ వాసన తగిలితే చాలు, నా చెవిలో ఒక గొంతు మొదలవుతుంది. "గీ పొగకు దోమ చస్తదా బిడ్డా? పక్క గల్లీకి పోయి, చాయ్ తాగి, నిమ్మళంగ మళ్ల వస్తది. ముందుగాల నీ ఇంటెనక డ్రమ్ముకు మూత పెట్టు." ఆ గొంతు సుగుణమ్మ గారిది.

మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. పేపర్లో పేరు పడ్డ మనిషి కాదు. సంగారెడ్డి వైపు పల్లెల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్ఎంగా ఇంటింటికీ తిరిగి టీకాలు వేసి, కాన్పులు చూసి, జ్వరాలు రాసుకుని రిటైరైన ఆవిడ. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని టీవీ చూడక, హైటెక్ సిటీలో నాలుగో అంతస్తులో ఉన్న మా చిన్న కంపెనీకి వచ్చి నా నెత్తిన కూర్చున్నారు. నెత్తిన కూర్చున్నారని ఆవిడ ముందు కూడా అనేదాన్ని. నవ్వేవారు.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. మేము కంప్యూటర్‌లో ఒక ఊరు కట్టాం. ఐటీ కంపెనీల అద్దాల మేడల వెనకాల ఉన్న ఒక పాత బస్తీలో ఇంటింటి సర్వే చేయించి, ఆ వివరాలతో తెర మీద అచ్చం అలాంటి బస్తీనే పుట్టించాం. ఒక్కో ఇల్లు ఒక్కో చిన్న గడి. గడి మీద నొక్కితే ఆ ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసెంత, ఏం పని చేస్తారు, నీళ్ళు ఎందులో నిలవ ఉంచుతారు, అన్నీ కనిపిస్తాయి. ఆ ఊళ్ళోకి మేము ఒక దోమల జ్వరాన్ని వదులుతాం. చదువు అయిపోయి పల్లెలకీ బస్తీలకీ వెళ్ళబోయే కుర్ర డాక్టర్లు దాని ముందు కూర్చుంటారు. వాళ్ళ చేతిలో ఉండేవి రెండే బృందాలు, కొన్ని రక్తపరీక్ష కిట్లు. ఏ రోజు ఏ ఇంటికి ఎవర్ని పంపాలో వాళ్ళే తేల్చుకోవాలి. తప్పు చేస్తే జ్వరం పాకుతుంది, కానీ నిజం మనిషి ఎవరూ మంచాన పడరు. పొరపాట్లన్నీ మా ఊళ్ళో చేసేసి, అసలు ఊరికి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెళ్తారన్నది మా ఆలోచన.

ఒక వైద్య కళాశాల వాళ్ళు దీన్ని తమ పిల్లలకు నేర్పడానికి వాడుకుంటామన్నారు. మూడు నెలల్లో తయారుచేసి చూపించాలి, జట్టులో ఊళ్ళు తిరిగిన ఆరోగ్య కార్యకర్త ఒకరు ఉండాలి, ఇవీ షరతులు. వాళ్ళకి నచ్చితే ప్రాజెక్టు నిలుస్తుంది. నచ్చకపోతే మూసేస్తారు, నేనూ నా కింద ఉన్న ఆరుగురూ బెంచి మీదకి వెళ్ళాలి. పని లేకుండా కొన్నాళ్ళు కూర్చోబెట్టి మెల్లగా సాగనంపే ఏర్పాటుని మా ఆఫీసుల్లో ముద్దుగా బెంచి అంటారు. నన్ను టీమ్ లీడ్ చేయడం అదే మొదటిసారి. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. తణుకు పిల్లని, నోరు కాస్త పెద్దది, కంప్యూటర్‌కి అంతుపట్టని సంగతి లోకంలో లేదని గట్టి నమ్మకం.

మొదటి రోజు పదింటికి రమ్మంటే ఆవిడ తొమ్మిదింబావుకే వచ్చేశారు. పాస్ తయారు కాలేదని కింద గేటు దగ్గరే కూర్చోబెట్టారట. నేను పరుగున దిగేసరికి ముదురాకుపచ్చ నేత చీరలో, ఒళ్ళో గుడ్డ సంచితో, సెక్యూరిటీ వాళ్ళ కుర్చీలో దర్జాగా కూర్చుని వాళ్ళిచ్చిన టీ తాగుతున్నారు. "క్షమించండమ్మా, కూర్చోబెట్టేశాం" అన్నాను.

"ఏం కాలే బిడ్డా, మంచిగనే గడిచింది" అని లేచారు. లిఫ్టు తలుపులు మూసుకున్నాక నా చెవి దగ్గరకి వచ్చి, "మీ గేటు కాడ నలుగురున్నరు. అండ్ల ఇద్దరికి జ్వరం. ఒకాయనకు వచ్చి పోయింది. యాదగిరి అనేటాయనకు ఇంక తగ్గలే, గోళీ ఏసుకొని డ్యూటీ చేస్తున్నడు. మీ కంప్యూటర్‌కు తెల్సా ఈ సంగతి?" అన్నారు.

"మా కంప్యూటర్లో గేటు లేదండీ" అని నవ్వాను.

"మరి జనం లోపటికి ఎట్ల వస్తరు?" అన్నారు. సరదాకి అన్నారనుకున్నాను గానీ, కాదు, నిజంగానే అడిగారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు యాదగిరి దగ్గర ఆగి, "రేపటికల్ల రక్తం పరీక్ష కాగితం నాకు చూపెట్టకపోతే నీ కుర్చీల నేనే కూసుంట, నువ్వు ఇంటికి పో" అని బెదిరించి మరీ కదిలారు. మర్నాడు అతను బుద్ధిగా కాగితం తెచ్చి చూపించాడు. డెంగీ. దగ్గరుండి సెలవు ఇప్పించేదాకా ఆవిడ పైకి రాలేదు.

ఆ వారమే మా ఊరిని ఆవిడకి చూపించాం. జ్వరం వదిలి, రోజులు పరుగెత్తించాం. తెర మీద గడులు ఒక్కొక్కటీ ఎర్రబడుతున్నాయి, మనుషుల బొమ్మలు ఇళ్ళలోంచి బయల్దేరి ఆసుపత్రికి వెళ్తున్నాయి. చూడముచ్చటగా ఉందని నేను మురిసిపోతూ ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకున్నారు. "అరె, ఏందిది? జ్వరం రాంగనే అందరు దవాఖానకు ఉరుకుతున్నరు! మీ ఊళ్ళె ఎవ్వరికి పని లేదా? పొయ్యి మీద కూర లేదా?"

"అంటే, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్తారని రాశామండి" అన్నాడు నవీన్. కోడ్ రాయడంలో మా జట్టులో అతనే మొనగాడు.

"దగ్గరుంటే పోతరా? నువ్వు పోయినవా ఎన్నడన్న?" ఆవిడ వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయారు. "మొదటి దినం మెడికల్ షాపుల గోళీ. రెండో దినం పక్కింటామె చెప్పిన కషాయం. మూడో దినం నల్లా నీళ్ళొచ్చే రోజు, ఇల్లిడిచి ఎట్ల పోతది? నాలుగో దినం లేవలేకపోతే, గప్పుడు ఆటో." నవీన్ ఆ నాలుగు రోజులూ గబగబా రాసుకున్నాడు. అవి పెట్టాక జ్వరం మా ఊళ్ళో మునుపటికంటే ఎన్నో రెట్లు పాకింది. మేమంతా తలలు పట్టుకుంటే ఆవిడ మాత్రం "ఇగో, ఇప్పుడు ఊరు లెక్క ఉన్నది" అని సంబరపడ్డారు.

ఇంకో మధ్యాహ్నం మీటింగు గదిలో ఆవిడ రోగి వేషం కట్టారు. కొంగు తలమీదుగా కప్పుకుని, మూలుగుతూ కుర్చీలో ముడుచుకున్నారు. నవీన్ డాక్టరు. "ఎన్ని రోజుల నుంచి జ్వరం?" అన్నాడు గొంతు సవరించుకుని. "నిన్నటి సంది సారూ" అని మూలిగారు. వాంతులు? లేవు. ఒళ్ళు నొప్పులు? లేవు. ఏమడిగినా లేదు లేదు లేదు. నవీన్ ధీమాగా "ఒక్కరోజు జ్వరం, భయం లేదు" అని రాసేశాడు. ఆవిడ కొంగు తీసేసి, "చంపినవ్ పో నన్ను" అన్నారు. గదంతా గొల్లుమంది. తర్వాత నవీన్‌ని రోగిని చేసి, ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని మాట కలిపారు. "అవునక్కా, మొన్న బోనాలకు బోనం నువ్వే ఎత్తినవా?" నవీన్‌కి ముందే ఏం చెప్పాలో నేర్పినట్టున్నారు, "లేదు, కోడలెత్తింది, నాకు నడుములు లాగినయ్" అన్నాడు, తనకి రాని యాసలో. ఆవిడ మా వైపు తిరిగి, బోనాలై ఇవాళ్టికి ఆరు రోజులు, అంటే జ్వరం ఒక రోజుది కాదు, ఆరు రోజులదన్నారు. "తారీఖు అడుగుతే ఎవ్వరికి యాదుండదు. ఎవరెత్తిన్రు, ఎవరు వండిన్రు, ఎవరు పండుకున్నరు, గవి అడుగు, అన్ని చెప్తరు." మా ప్రోగ్రాంలోని రోగుల జవాబులన్నీ ఆ వారంలో తిరగరాశాం.

ఇదంతా సరదాగానే నడిచింది. అసలు గొడవ రెండో నెలలో వచ్చింది. ఒకరోజు ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, తెర మీద బస్తీ అంతా ఈ చివర నుంచి ఆ చివరకి తీరిగ్గా చూశారు. "గిందుల తాళమేసిన ఇండ్లు ఏవి?" అన్నారు.

"తాళం ఇళ్ళేంటండీ?"

"సర్వే చేసేటోళ్ళు పోయినప్పుడు ఎవ్వరు లేని ఇండ్లు. బస్తీ అన్నంక ఉంటయ్ గదా."

నేను గర్వంగానే చెప్పాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "ఉన్నాయండి, అలాంటివి బోలెడు. ఏం ఫరవాలేదు, ఖాళీలన్నీ చుట్టుపక్కల ఇళ్ళ సగటు తీసి నింపేశాం. ఏది చూసి రాసిందో ఏది నింపిందో మీరు కనిపెట్టలేరు కూడా."

ఆవిడ కోప్పడలేదు. "యాదగిరి ఇల్లు గీ బస్తీలనే ఉన్నది. తియ్యి" అన్నారు. ఇంటి నంబరు కూడా రక్తపరీక్ష కాగితం మీద చూసి అప్పుడే రాసిపెట్టుకున్నారట. నొక్కాను. తెర మీద ముచ్చటగా వచ్చింది. ఇంట్లో నలుగురు, అందులో పగలంతా ఇంటిపట్టునే ఉండే ముసలావిడ ఒకరు. నీళ్ళ డ్రమ్ము లేదు. జ్వరం ఎవరికీ లేదు. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని కిందకి తీసుకెళ్ళారు. యాదగిరి అప్పటికి కోలుకుని డ్యూటీలో చేరాడు. ఇంట్లో తనూ భార్యా కూతురూ, ముగ్గురే అని చెప్పాడు. భార్య జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి తెల్లారగానే కంపెనీ బస్సెక్కుతుంది. కూతురు బడికి వెళ్తుంది. నల్లా పగటిపూట వస్తుంది, అప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు. అందుకని ఆదివారం నీళ్ళొచ్చినప్పుడే మూడు డ్రమ్ములు నింపుకుని వారమంతా వాడుకుంటారు. జ్వరం ముందు కూతురికి వచ్చింది, తర్వాత తనకి.

నేను నింపిన దాంట్లో ఒక్క ముక్క నిజం కాదు. అక్కడే మెట్ల మీద కూర్చుని లెక్క కట్టుకున్నాను. సర్వే వాళ్ళు వెళ్ళింది పగలు. పగలు తాళం ఉండేది ఎవరింటికి? ఆలుమగలిద్దరూ పనికి పోయే ఇళ్ళకి. నీళ్ళు ఎక్కువ రోజులు నిలవ ఉంచేదీ వాళ్ళే, సెలవు పెట్టలేక జ్వరంతోనే పనికి పోయేదీ వాళ్ళే. జ్వరం ఎక్కడ దాక్కునే వీలుందో సరిగ్గా ఆ ఇళ్ళనే ఏరి ఏరి, శుభ్రంగా, ఆరోగ్యంగా తయారుచేసి పెట్టాను నేను. మా ఊళ్ళో చదువుకున్న డాక్టరు రేపు అసలు ఊళ్ళో తాళం తలుపు ముందు నుంచి ఆగకుండా నడిచిపోతాడు. అలా నడవమని నేర్పింది నేనే అవుతాను.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆవిడ ఒక సంగతి చెప్పారు. పోలియో చుక్కలు వేసే రోజుల్లో, పిల్లలందరికీ చుక్కలు పడ్డ ఇంటి గోడ మీద సుద్దముక్కతో ఒక గుర్తు రాసేవారు. తాళం ఉన్నా, పిల్ల దొరక్కపోయినా ఇంటూ గుర్తు పెట్టేవారు. ఇంటూ ఉన్న ఇంటికి మర్నాడు ఇంకొకరు మళ్ళీ వెళ్ళాలి. "గోడ మీద గుర్తు రాసుడు కొత్తగ షురువైన సంవత్సరం. మస్తు ఎండ. ఊరి చివర ఒక్క ఇల్లు మిగిలింది, తాళమున్నది. ఇటుకబట్టీకి పోయిన్రు, రేపు గూడ దొరకరు అన్నరు పక్కోళ్ళు. నేనేం జేసిన? ఇంటూ పెట్టలే. అయిపోయిన గుర్తే పెట్టిన, రిజిస్టర్ల గూడ అయిందనే రాసిన. ఇంటికి పోయి చల్ల తాగి పండుకున్న." పళ్ళెంలో మెతుకులన్నీ ఒక పక్కకి జరిపారు. "మరుసటేడు ఆ ఇంట్ల పిల్లకు కాలు పడిపోయింది."

"ఒక్కసారి చుక్కలు తప్పినందుకే అని ఎలా చెబుతామండీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"శానమంది గట్లనే అన్నరు బిడ్డా. కాకపోవచ్చు. కని నేను ఇంటూ పెడితే రెండో దినం ఎవరన్న పోయేటోళ్ళు గదా. పోయే పనే లేదని రాసింది నేను." ఆ పిల్ల పేరు లలిత అనీ, పెళ్ళికి తనూ వెళ్ళాననీ, ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తుందనీ చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కళ్ళు మాత్రం తడవలేదు. నా పళ్ళెంలో మిగిలిన పెరుగన్నం చూపించి, "తిను, పడేయకు" అన్నారు.

పైకి వెళ్ళి సగటులన్నీ చెరిపేశాను. తెర మీద తాళం ఇళ్ళన్నీ బూడిదరంగుకి మారాయి. "అక్కా, అది మూడు వారాల పని!" అని నవీన్ గుండె పట్టుకున్నాడు. తర్వాత వచ్చిన నాలుగు ఆదివారాలూ, పొద్దున ఐదున్నరకల్లా, సుగుణమ్మ గారూ నేనూ నవీనూ ఆ బస్తీలో ఉన్నాం. ఆ వేళకైతే పనికి పోయేవాళ్ళు కూడా ఇళ్ళలోనే ఉంటారు. మొదటి ఇంటి ముందు నేను చేతులు జోడించి, "మీ ఇంట్లో ఎవరికైనా జ్వరంగా ఉంటోందా అండీ?" అని అడిగాను. ఆ ఇంటామె నన్ను ఎగాదిగా చూసి, సుగుణమ్మ గారి వైపు తిరిగి, "టీవీల వార్తలు చదివే అమ్మనా?" అంది. ఆవిడ పడీ పడీ నవ్వారు. రెండో ఇంటి దగ్గర కుక్క వెంటపడితే నవీన్ నీళ్ళ ట్యాంకు ఎక్కేశాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే ట్యాంకులోకి తొంగి చూసి, "అమ్మా, ఇందులో దోమపిల్లలున్నాయి!" అని అరిచాడు. ఆ రోజంతా అతన్ని అందరూ ట్యాంకు డాక్టరనే పిలిచారు. మూడో వారానికి మమ్మల్ని చూడగానే స్టవ్ మీద టీ గిన్నె పెట్టేవాళ్ళు.

చాలా ఇళ్ళు తెరుచుకున్నాయి. కొన్ని ఎన్నిసార్లు వెళ్ళినా తెరుచుకోలేదు. వాటినేం చెయ్యాలని అడిగితే, "చూడలేదని రాయి, గంతే" అన్నారు ఆవిడ. అందుకని ఆ కొద్ది ఇళ్ళనూ బూడిదరంగులోనే ఉంచి, ఆట మొదలెట్టిన ప్రతిసారీ వాటిలో ఏముందో కంప్యూటర్ కొత్తగా ఊహించుకునేలా రాశాం. ఒకసారి జ్వరం ఉంటుంది, ఒకసారి ఉండదు. లోపల ఏముందో తెలియాలంటే డాక్టరు తన బృందాన్ని అక్కడికి పంపాల్సిందే, అదీ వాళ్ళు ఇంట్లో ఉండే వేళకి.

చూపించాల్సిన రోజు వారంలోకి వచ్చింది. మా పై అధికారి ప్రకాష్ గారు తెర చూసి మొహం మాడ్చుకున్నారు. "ఏంటీ మచ్చలు? గోడకి చెద పట్టినట్టు! తెలియదు అని చెప్పుకోవడానికా వాళ్ళు మనల్ని పిలిచింది? ఈ ఒక్క రోజుకీ నింపెయ్యి సౌజన్యా, తర్వాత తీసేద్దువు గాని." నవీన్ భార్యకి అప్పుడే ఐదో నెల. సుగుణమ్మ గారిని అడిగితే తేల్చి చెప్పలేదు. "నేను పింఛను తినే ముసల్దాన్ని. నాకు పోయేదేమున్నది? కొలువు నీది, నీ కింద ఉన్నోళ్ళది. నువ్వే చెప్పాలె." అంతకుముందు ప్రతి చిన్నదానికీ నా నెత్తి తిన్న మనిషి సరిగ్గా ఆ రోజే నోరు మూసుకున్నారని నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. రెండు రకాలూ తయారుచేసి, రెండూ లాప్‌టాప్‌లో వేసుకుని కాలేజీకి వెళ్ళాను.

హాలు నిండా ముప్పై మంది కుర్ర డాక్టర్లు, ముందు వరసలో వాళ్ళ ప్రొఫెసర్ గారు, పక్కన ప్రకాష్ గారు. వెనక వరసలో గుడ్డ సంచితో సుగుణమ్మ గారు, నా పక్కన నవీన్. నింపిన ఊరి మీదే ముందు వేలు పెట్టాను, దాచడం దేనికి. అప్పుడు యాదగిరి ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో నేను సృష్టించిన ముసలావిడ గుర్తొచ్చింది. బూడిద మచ్చల ఊరినే తెరిచాను. ప్రకాష్ గారి వైపు మళ్ళీ చూస్తే ఒట్టు.

ప్రొఫెసర్ గారు మొదట అడిగిందే అది. "ఆ గ్రే ఇళ్ళేమిటి?"

"తెలియదు సార్" అన్నాను. "తాళాలున్నాయి సార్. నాలుగుసార్లు వెళ్ళాం, చూడలేకపోయాం. చూడనిది రాయలేదు." ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "సరే, ఆడించండి" అన్నారు.

ఖమ్మం నుంచి వచ్చిన జోయెల్ అనే కుర్ర డాక్టరు క్లాసు తరఫున కూర్చున్నాడు. చురుకైనవాడు. ఎర్రబడ్డ ఇళ్ళన్నిటికీ బృందాల్ని పంపాడు, డ్రమ్ములు ఖాళీ చేయించాడు, పరీక్షలు చేయించాడు; బూడిద ఇళ్ళకి ఒకసారి పగలు పంపి, తాళాలున్నాయని వదిలేశాడు. పది రోజుల్లో జ్వరాలు దిగిపోయాయి. హాలంతా చప్పట్లు. అతను లేచి నాటకీయంగా వంగి దండం కూడా పెట్టాడు. పన్నెండో రోజున ఎటు నుంచో తెలియకుండా బస్తీ మళ్ళీ ఎర్రబడింది, ఆసుపత్రిలో మంచాలు నిండిపోయాయి, కిట్లు అయిపోయాయి. జోయెల్ మొహం కందగడ్డలా అయింది. "ఇది అన్యాయం మేడం! ఆ గ్రే ఇళ్ళలో కేసులున్నాయని మాకు చూపించలేదు కదా!"

నేను నోరు తెరిచేలోపే వెనక వరసలో సుగుణమ్మ గారు లేచి నిలబడ్డారు. "డాక్టరు బాబూ, నువ్వు పోయినప్పుడు వాళ్ళు ఇంట్ల లేరు. లేరంటే రోగం లేదని కాదు గదా నాయనా. వాళ్ళు పనిల ఉన్నరు."

జోయెల్ తెర వైపు తిరిగి ఆ బూడిద ఇళ్ళను చాలాసేపు చూశాడు. తర్వాత తిరిగి, "వాళ్ళు ఏ టైముకి దొరుకుతారమ్మా?" అన్నాడు. సుగుణమ్మ గారి మొహం వెలిగిపోయింది. ఆదివారం పొద్దున్నే అన్నారు. వాళ్ళు ఆటను మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టారు. భోజనాల గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు. ప్రొఫెసర్ గారు ప్రకాష్ గారితో, "ఆ తాళం ఇళ్ళు మాత్రం తీసెయ్యకండి, మాకు కావలసింది అదే" అన్నారు. మా ప్రకాష్ గారు ఏమాత్రం తడుముకోకుండా, "అది మొదటి నుంచీ మా టీమ్ పట్టుబట్టి పెట్టిన ఫీచర్ సార్" అన్నారు. నవీన్ నా కాలు తొక్కాడు, నవ్వొద్దని.

సుగుణమ్మ గారు మా దగ్గర ఇంకో రెండేళ్ళున్నారు. ఇప్పుడు సదాశివపేట దగ్గర చెల్లెలింట్లో ఉంటూ, పెరట్లో బీరపాదులు పెట్టుకుని, ఊరి ఆశా కార్యకర్తల్ని సాధిస్తున్నారు. నేనింకా ఇదే పనిలో ఉన్నాను. ఇలాంటి ఊళ్ళు తెర మీద ఇంకెన్నో కట్టాం, మొదటిదానికంటే పెద్దవి, తెలివైనవి. ఏ పనైనా "అయిపోయింది" అని రాయబోతే మాత్రం నా చెయ్యి ఈనాటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆఫీసులోనే కాదు. మీటింగులో నోరు విప్పని పిల్ల ఉంటే, ఫోనెత్తని స్నేహితురాలుంటే, అంతా బాగానే ఉండి ఉంటుందిలే అని నింపేసుకోవడం నాకు చేతకాకుండా పోయింది. దీనివల్ల నా పనులు ఆలస్యమవుతాయి, మా ఆయన విసుక్కుంటారు. అయినా ఆవిడ నాకిచ్చిన ఈ అలవాటుని వదులుకోలేను, వదులుకోవాలని కూడా లేదు.

జోయెల్ ఇప్పుడు ఒక మండలంలో డాక్టరు. పోయిన నెల ఫోన్ చేశాడు. వాళ్ళ దగ్గర జ్వరాలు మొదలయ్యాయట. ఒక వాడలో పదకొండు తాళం ఇళ్ళుంటే, తనే ఆదివారం పొద్దున్నే వెళ్ళి తలుపులు కొట్టాడట. తొమ్మిది తెరుచుకున్నాయి, మూడింటిలో జ్వరాలు దొరికాయి, అందరూ కోలుకుంటున్నారు. "సుగుణమ్మ గారికి చెప్పండి మేడం" అన్నాడు, గొంతులో ఎంత సంతోషమో. నేనూ అంతే సంతోషంగా ఆవిడకి ఫోన్ కలిపి, పూసగుచ్చినట్టు అంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "పదకొండుల తొమ్మిది తెరిపిచ్చిండా?" అన్నారు.

"తొమ్మిదండీ!"

"ఆ రెండిండ్లకు మళ్ల పొమ్మను."

జోయెల్‌కి ఆ మాట అలాగే అందించాను. అవతల పెద్ద నిట్టూర్పు, ఆ వెనకే నవ్వు. తర్వాతి ఆదివారం వెళ్ళాడు, ఒకటి తెరుచుకుంది. రెండోది తెరుచుకోలేదు. ఆ పై ఆదివారమూ తెరుచుకోలేదు. ఇవాళ మళ్ళీ ఆదివారం. పొద్దున ఆరు కాకముందే, నేనేమీ అడగకుండానే, అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "వెళ్తున్నా మేడం." దాన్ని సుగుణమ్మ గారికి పంపాను. రెండు నిమిషాల్లో ఆవిడ గొంతు రికార్డు చేసి పంపారు, వెనకాల కోళ్ళ అరుపులతో సహా.

"ఇగ అయిండు డాక్టరు."